పిలిచింది ఒకరు, చెల్లించింది ఇంకొకరు

ఏటా మే 15న ధవళేశ్వరంలో కాటన్ దొర విగ్రహానికి దండలు పడతాయి. పడాలి కూడా. 1852లో ఆయన కట్టించిన ఆనకట్ట పూర్తయ్యాకే ఈ డెల్టాకు తిండి మీద ధీమా వచ్చింది. కాని ఆయన వచ్చేనాటికి గోదావరిని పక్కనే పెట్టుకున్న జిల్లా అంతలా ఎందుకు చితికిపోయిందో మనం అడగం. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7 లక్షల 38 వేలు, 1841 నాటికి 5 లక్షల 61 వేలు. కరువులూ తుఫానులూ నిజమే. శిస్తు ముక్కుపిండి తీసుకుని నీటిపనుల్ని గాలికొదిలేసిన ఈస్టిండియా కంపెనీ పాలనా అంతే నిజం. ఆ పాలన తనంతట తాను రాలేదు. మనవాళ్లే పిలిచారు.

బొబ్బిలి కథ మనకు కంఠోపాఠం. 1757 జనవరి 24న విజయనగరం ప్రభువు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకొచ్చి పొరుగువాడి కోటను నేలమట్టం చేయించాడు. బొబ్బిలి వీరుడు పాపారాయుడి పౌరుషం దగ్గరికొచ్చేసరికి మన ఒళ్లు పులకరిస్తుంది, కథ అక్కడితో ముగిస్తాం. ఆ తరువాతి సంగతి ఎంతమంది చెబుతారు? మరుసటేడాదే విజయనగరం కొత్త ప్రభువు ఆనంద గజపతికి ఫ్రెంచివాళ్లతో చెడింది. కలకత్తాలో ఉన్న క్లైవుకు కబురు పెట్టాడు, ఖర్చులు భరిస్తానన్నాడు. కర్నల్ ఫోర్డ్ దిగాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడారు, రాజమండ్రి చేతులు మారింది. రెండు వైపులా పోరాడినవాళ్లలో ఎక్కువమంది ఈ దేశపు బిడ్డలే. 1794 జూలై 10న పద్మనాభంలో, కంపెనీకి కట్టాల్సిన పేష్కషు బకాయిల పేచీలో, అదే కంపెనీ సైన్యం విజయనగరం రాజు విజయరామరాజును చంపింది. పిలిచిన 36 ఏళ్లకు.

ఇది మన తెలుగువాళ్ల జబ్బేననుకుని కుంగిపోనక్కర్లేదు. ప్రజాస్వామ్యానికి పుట్టిల్లని మనం పాఠాల్లో చదువుకున్న గ్రీకుల సంగతి చూడండి. క్రీస్తుపూర్వం 427లో కెర్కిరా ద్వీపంలో, అదే నేటి కోర్ఫూలో, కలవారి పక్షం స్పార్టా అండ కోరింది, సామాన్యుల పక్షం ఏథెన్స్ అండ కోరింది. ఏథెన్స్ సేనాని యూరిమెడాన్ 60 ఓడలతో వచ్చి అక్కడ ఏడు రోజులున్నాడు. ఆ ఏడు రోజులూ ఊరివాళ్లను ఊరివాళ్లే చంపుకున్నారు, ఓడలవాళ్లు ఆపలేదు. అప్పిచ్చినవాణ్ణి బాకీదారు చంపాడనీ, తండ్రి కొడుకునే చంపాడనీ చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు. పాత కక్షలన్నిటికీ పక్షం పేరు ముసుగైంది. పాతకాలం కాబట్టి అలా జరిగిందనుకుంటే, 1944 డిసెంబరులో, జర్మన్లు ఖాళీ చేసి రెండు నెలలైనా కాకముందే, ఏథెన్స్ వీధుల్లో గ్రీకుల మీద గ్రీకులే తుపాకులెత్తారు. ఒక పక్షానికి బ్రిటిష్ సైన్యం తోడు. ఆ తరువాత అంతర్యుద్ధం ముదిరి 1949 దాకా సాగింది.

మనకిప్పుడు సైన్యాలను పిలిచే పని లేదు, పార్టీలున్నాయి. 2022 మే 24న అమలాపురంలో, జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టడం మీద రేగిన గొడవ మంత్రి ఇంటికీ ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టేదాకా పోయింది. ఎగదోసింది మీరంటే మీరని పార్టీలు తిట్టుకున్నాయి. ఎగదోసేవాడు ఎప్పుడూ ఉంటాడు, ఊగిపోయింది మాత్రం మనం. కేసులు కుర్రాళ్ల మెడకు చుట్టుకున్నాయి. అది కోనసీమ గొడవ, మనకెందుకని ధవళేశ్వరంలో మనం అనలేం. కోనసీమ చేలు తడిసేది ధవళేశ్వరం బ్యారేజీ నీళ్లతోనే, అక్కడి మనుషులూ మన చుట్టాలే.

అన్నల్లారా, అక్కల్లారా, మనలో మనకు తగవులు లేకుండా ఉండవు. కాలువ చివరి చేనుకు నీళ్లు అందలేదని పేచీ వస్తుంది, విగ్రహం ఎక్కడ పెట్టాలని వస్తుంది, ఊరేగింపు ఏ వీధిన పోవాలని వస్తుంది. ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోగలిగిన వాటిని ఎవడో పెద్దనాయకుడి గుమ్మం దాకా మోసుకుపోకండి. అవతలి పేట మీద కసి తీరుతుందంటే చాలు, ఎవడొచ్చినా సరేననే దుగ్ధ మనలో ఉంది. దాన్ని ముందు ఒప్పుకుందాం. మన కులం కుర్రాడు తప్పు చేసినప్పుడు తప్పని మన అరుగు మీదే గట్టిగా అందాం. అవతలివాళ్లు అంటే అది నింద అవుతుంది, మనమంటేనే వాడు వింటాడు.

రేపు ఎవరో పెద్దమనిషి కారు దిగి, మీవాళ్లకు అన్యాయం జరిగిపోతోంది, కదలండి అంటాడు. నిజంగానే అన్యాయం జరిగి ఉండవచ్చు కూడా. అయినా జెండా అందుకునే ముందు ఆయన్ను నలుగురిలో నిలబెట్టి అడగండి: "అయ్యా, గొడవైన రాత్రి మీరూ మీ పిల్లలూ మా ఊళ్లోనే పడుకుంటారా?"