సనదు పేరా, హునరా?

మా ఖాలా కొడుకు సిస్టమ్స్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ. ఇప్పుడు చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్-1 పుస్తకం ముందు కూర్చుంటున్నాడు. ఆపరేషన్స్ రీసెర్చ్ నౌక్రీకని వెళ్తే, "మీ సనదులో ఆ పేరు లేదు" అని పంపేశారట.

ఆ పనేమిటి జనాబ్? బస్సులూ డ్రైవర్లూ ఇంతే ఉంటే, నారాయణగూడ చౌరస్తాలో జనం నిలబడే టైమును ఎలా తగ్గించాలి? ఇలాంటి ముష్కిల్‌ని లెక్కలోకి దించడం. లీనియర్ ప్రోగ్రామింగ్, క్యూయింగ్ థియరీ, సిమ్యులేషన్. మావాడి థీసిస్ నిండా అవే.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో ఈ ఇల్మ్‌కి పునాది వేసిన పాట్రిక్ బ్లాకెట్ ఫిజిక్స్ మనిషి. 1948లో నోబెల్ వచ్చిందీ ఫిజిక్స్‌కే. ఆయన టీములో ఫిజియాలజీ వాళ్లూ ఉన్నారు. ఆ పేరుతో సనదు ఎవరి దగ్గరుంది? మన దేశంలో 1949లో ఈ పనికి యూనిట్ పెట్టింది కూడా మన షహర్‌లోనే, రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీలో!

అయితే ఇన్సాఫ్‌గా చెప్పాలి, మావాడిదీ కసూర్ ఉంది. బయోడేటాలో డిగ్రీలే పెద్ద అక్షరాల్లో. ఏ ముష్కిల్ పట్టుకున్నాడో, దాన్నెలా విప్పాడో ఒక్క ముక్కా లేదు. నిన్న అశోక్‌నగర్‌లో చాయ్ తాగుతూ మొత్తం తిరగరాయించాను. మళ్లీ అప్లై చేశాడు. గ్రూప్-1 పుస్తకం మాత్రం ఇంకా సంచిలోనే ఉంది.