చేయి మారిన ఖరీదుకారు

ఈ మాసము మాకు చేరిన యుత్తరములలో నాలుగింటి విషయ మొక్కటియే. చిన్నకారు క్రొత్తది కొనుటకని కూడబెట్టిన సొమ్మునకు, పదేండ్లు వాడిన జర్మనీదేశపు పెద్దకారు దొరకుచున్నదనియు, ఇంటివారు దానిమీద మనసుపడిరనియు, తమకు మాత్రము గుండె దడగా నున్నదనియు సోదరీమణులు వ్రాసిరి. అందొకామె, లోటుపడిన మొత్తమునకై తన గాజులజత కుదువబెట్టవలసివచ్చునని తెలుపుచు, మోటారుబండ్ల సంగతి మగవారిది గదా, ఇందు మనము చెప్పగలిగిన దేమున్నదని యడిగినది. చాల నున్నది. బియ్యపుగింజను పంట నొక్కి ప్రాతదో క్రొత్తదో చెప్పగల ఇల్లాలికి, ఎక్కడ నొక్కిచూడవలెనో తెలిసినచో కారు సంగతియు తెలియును.

ముందుగా ధరను గూర్చి. ఖరీదుకారు విలువ వేసవి చెరువువలె దిగిపోవును. బీమావారి పట్టికలో ఐదవయేడు వచ్చునప్పటికి ఏ కారు విలువనైనను సగమునకు తగ్గించి లెక్కింతురు. బజారులో పెద్దకారుల ధర అంతకంటెను వేగముగ పడిపోవుట తరచు. అయితే పడిపోవునది బండిధర మాత్రమే. విడిభాగముల ధర గాదు. అరువదిలక్షల బండి పండ్రెండులక్షలకు వచ్చిన దనుకొందము. దాని ముందుదీపము పగిలినను, గేరుపెట్టె చెడినను వచ్చు బిల్లు అరువదిలక్షల బండికి వచ్చు బిల్లే. ఈ మాట అమ్మువాడు చెప్పడు. మఱియొకటి: మరమ్మతుఖర్చు బీమా చేసిన విలువలో నూటికి 75 వంతులు మించినచో, బండి సర్వనష్టమైనట్లే బీమావారు లెక్కకట్టుదురు. ప్రాతబడిన పెద్దకారునకు ఆ గీటు దాటుటకు ఎయిర్‌బ్యాగులు విచ్చుకొనిన ప్రమాద మొక్కటి చాలును. అట్లు వదలివేయబడినవి తుక్కుగా అమ్ముడుపోయి, రంగు పూసికొని తిరిగి బజారునకు వచ్చుటయు కలదు. మేడిపండు సంగతి మనకు తెలియనిది కాదు.

ఇక వయసుతో వచ్చు రోగములు. పెక్కు పెద్దకారులకు ఇనుపస్ప్రింగులకు మారుగ గాలినింపిన రబ్బరుబుగ్గ లుండును. అందువలననే ఆ మెత్తదనము. మన యెండలకు రబ్బరు బీటలువారును, గాలి కారును, దానిని నింపు చిన్నయంత్రము విశ్రాంతిలేక పనిచేసి మాడిపోవును. రాత్రి సమముగ నిలిపిన బండి, తెల్లవారి ముగ్గువేయు వేళకు ఒక మూలకు కూలబడి యుండుట దీనికి గుర్తు. ఇంజను నడువగానే బండి తిరిగి లేచును గనుక పగలు వచ్చి చూచువారికి తెలియదు. అట్లే 2007 మొదలు కొన్నియేండ్లు బి.ఎం.డబ్ల్యు. వారు చేసిన రెండులీటర్ల డీసెలు ఇంజనులలో, ఇంజనును నడుపు గొలుసు వెనుకతట్టున, గేరుపెట్టెవైపున నున్నది. ఆ గొలుసు అరిగిపోవుట పలువురికి అనుభవము. దానిని మార్చవలెనన్న ఇంజనునే క్రిందికి దింపవలెను. తెగినచో ఇంజనే పోవును. అరిగిన గొలుసు గరగర చల్లని యింజనును తొలుత త్రిప్పినప్పుడు వినబడును గాని వేడెక్కిన పిమ్మట అణగిపోవును. కావున కారు చూడబోయినప్పుడు ముందుగా బానెటుమీద చేయి వేసి చూడుడు. వెచ్చగానున్నచో, మీరు రాకముందే నడిపి యుంచినారన్నమాట. చల్లారిన పిదప వచ్చెదమని చెప్పి వెనుకకు రండు. ఇందులో సిగ్గుపడవలసిన దేమియు లేదు.

ఇంతవరకు చెప్పినది సొమ్ముసంగతి. ఇంతకు మించినది ప్రాణముల సంగతి.

బండ్లు చేయు కంపెనీవారు, అమ్మినపిదప తమ పనిలో అపాయకరమైన దోషము బయలుపడినప్పుడు, ఆ బండ్లను వెనుకకు పిలిచి ఉచితముగ బాగుచేయుదురు. దీనినే రీకాల్ అందురు. ఇది వారంటీ వంటిది కాదు. వారంటీ కొన్నియేండ్లకు తీరిపోవును. రీకాల్ పని, పిలుపు వచ్చిన బండికి, అది ఎన్ని చేతులు మారినను సాధారణముగ ఉచితమే. ఇటువంటి పిలుపులలో ఇంతవరకు జరిగినవానిలో కెల్ల పెద్దది తకాటా వారి ఎయిర్‌బ్యాగులది. ఈ తకాటా జపానుదేశమున 1933లో నేతపనిగా మొదలైన కంపెనీ. తరువాత బెల్టులు, గాలిసంచులు చేయసాగినది. బండి గుద్దుకొనినప్పుడు స్టీరింగులోని చిన్న లోహపుడబ్బీలో మందు మండి, ఱెప్పపాటులో సంచిని గాలితో నింపవలెను. తకాటావారు ఆ మందునకు అమ్మోనియం నైట్రేటును వాడిరి. అది తేమను పీల్చును. పెక్కు డబ్బీలలో తేమను లాగివేయు పదార్థము పెట్టలేదు. ఏండ్లతరబడి వేడి, చలువ, ఉక్క మార్చి మార్చి తగులగా మందుబిళ్ళలు పొడిబారి చెదరును. అప్పుడు మందు మండవలసినదానికంటె వేగముగ మండి డబ్బీయే పగిలి, లోహపుముక్కలు కూర్చున్నవారి ముఖమునకు, మెడకు తగులును. కాపాడుటకు పెట్టినదే కత్తియైనది.

హోండావారు 2008 నవంబరులో తొలిపిలుపు పిలిచిరి. పిమ్మట బి.ఎం.డబ్ల్యు., మెర్సిడెస్, ఆడి, జాగ్వారు మొదలగు ఖరీదుకంపెనీలకును ఇది తగిలినది. ఒక్క అమెరికాలోనే సుమారు 6 కోట్ల 70 లక్షల డబ్బీలు మార్చవలసినవిగా తేలినవి. 2024 నాటికి ఆ దేశమున కనీసము 28 మంది వీనివలన చనిపోయిరి. 2017 జూనులో తకాటా దివాలా తీసినది. 2023 మేలో బి.ఎం.డబ్ల్యు. వారు, 2000 మొదలు 2006 వరకు వచ్చిన తమ బండ్లలో ఇంకను బాగుచేయించుకొనని సుమారు 90 వేలింటి యజమానులకు, డబ్బీ మార్చువరకు అసలు బండి నడుపవలదని అమెరికాలో హెచ్చరిక చేసిరి. అన్ని సంవత్సరములు గడచినను వినవలసినవారి చెవికి మాట చేరలేదు. ఉక్క యెక్కువగా నున్న సీమలలోనే అపాయ మెక్కువయని అచటి అధికారులు తేల్చినారు. విశాఖపట్టణము, కాకినాడ, బందరు, నెల్లూరులలో కాపురముండు సోదరీమణులకు ఉక్క యననేమో నేను చెప్పనక్కరలేదు.

2022లో మెర్సిడెస్ వారు చేసిన పిలుపు ఇట్టిదే, కాని కారణము వేఱు. బ్రేకుపై మన కాలు మోపిన బలమును హెచ్చించు బ్రేకు బూస్టరు అను డబ్బా యొకటి యుండును. దానిచుట్టునున్న రబ్బరుతొడుగు క్రింద నీరు చేరి డబ్బా త్రుప్పుపట్టుచున్నదని కనుగొనిరి. త్రుప్పు ముదిరినచో బ్రేకు బిగుసుకొనును. గట్టిగ తొక్కినచో, అరుదుగానైనను, పెడలునకును బ్రేకునకును గల సంబంధమే తెగవచ్చును. 2004 మొదలు 2015 వరకు చేసిన ఎం.ఎల్., జి.ఎల్., ఆర్. తరగతుల బండ్లు ప్రపంచమంతట సుమారు 10 లక్షలను పిలిచి, పరీక్ష చేయువరకు నడుపవలదనిరి. మన దేశమున ఇప్పుడు చౌకగ దొరకు పెద్దకారులలో ఎం.ఎల్. తరగతిది తరచు కనబడునదే.

దక్షిణకొరియాలో 2018లో బి.ఎం.డబ్ల్యు. డీసెలుబండ్లు వరుసగా తగులబడినవి. పొగను చల్లార్చు కూలరునుండి ద్రవము కారి మసితో కలిసి అంటుకొనుచుండెను. లక్షకుపైగా బండ్లను పిలిచినను, పరీక్ష కానివి వేలకొలది మిగులగా, ఆగస్టులో ప్రభుత్వమువారు అట్టివి రోడ్డెక్కరాదని యుత్తర్వు చేసిరి. కొన్ని మేడలవారు తమ కారుశాలలలోనికి ఈ బండ్లను రానీయమని బోర్డులు కట్టిరి. ఖరీదుబండి యజమాని ఊరివారి కంటికి అంటువ్యాధిగలవాడువలె కనబడిన దినము లవి.

పిలుపువచ్చిన బండి ప్రమాదము కాదు. పిలుపువచ్చియు బాగుచేయించుకొనని బండియే ప్రమాదము. పిలుపుటుత్తరము పోవునది కంపెనీపుస్తకములో నున్న చిరునామాకు. రెండవవారు, మూడవవారు కొనినప్పుడు ఆ పుస్తకము మారదు. 2016లో కాలిఫోర్నియాలో, తకాటా సంచిగల ప్రాత హోండాకారులో ఒక స్త్రీ ప్రాణము కోల్పోయినది. ఆ బండినిగూర్చి దాని రిజిస్టరు యజమానులకు కొన్నియేండ్లలో ఇరువదికిపైగా నోటీసులు పంపితిమని కంపెనీవారు చెప్పిరి. ఆ కుటుంబము బండి కొనినదో, అంతకు ముందటియేడే.

మన చట్టము సంగతియు తెలిసికొనవలెను. 2012 మొదలు కంపెనీలు తమంతట తామే ఒక నియమము పెట్టుకొని పిలుచుచుండెను. 2019లో మోటారువాహనముల చట్టమును సవరించి, 2021 ఏప్రిల్ 1 మొదలు ప్రభుత్వమే పిలువుమని నిర్బంధించు అధికారము తెచ్చుకొనినది. కంపెనీలకు 10 లక్షలనుండి కోటి రూపాయలవరకు జరిమానా గలదు. అయితే ఆ నిర్బంధము తయారైన ఏడేండ్లలోపు బండ్లకే. మీ యింటివారు చూచివచ్చిన బండి పదేండ్లది గదా! దానికి కంపెనీవారు తామై పిలిచినచో పిలిచినట్లు. మీ విచారణ మీరు చేసికొనుటయే దిక్కు.

ఆ విచారణ కష్టమైనది కాదు. బండి రిజిస్ట్రేషను కాగితముపై చాసీనంబరు అని 17 అక్షరములు, అంకెలు కలిసిన గుర్తు ఉండును. బయానా ఇయ్యకముందే దానిని ఎత్తి వ్రాసికొని, ముందుటద్దము మూలనో తలుపుకమ్మి చెంతనో బండిపై చెక్కిన నంబరుతో అక్షరమక్షరము పోల్చుడు. తేడా యున్నచో ఆ బేరము అక్కడితో సరి. కలిసినచో, ఆ నంబరును కంపెనీవారి వెబ్‌సైటులో వేసి చూడవచ్చును; లేక అధికారముగల వర్కుషాపునకు పంపి, ఈ బండికి మిగిలిన రీకాల్ పని యేమైన గలదా, ఇంతవరకు చేసిన సర్వీసుల జాబితా యేది అని వ్రాతపూర్వకముగ అడుగవచ్చును. నోటిమాట వలదు. ఆ జాబితాలో కిలోమీటర్లు ఏటేట ఎంత పెరిగినవో చూచిన, మీటరు వెనుకకు త్రిప్పినచో పట్టుబడును. ఎయిర్‌బ్యాగు ఒకసారి మార్చితిమన్నను, ఎప్పుడు మార్చినది అడుగుడు; తకాటా డబ్బీలలో కొన్నింటిని తొలుత అట్టిదే క్రొత్తడబ్బీతో మార్చి, పిమ్మట రెండవమారు మార్చవలసి వచ్చినది.

తాళము త్రిప్పగానే ముందుపలకపై ఎయిర్‌బ్యాగుదీపము వెలిగి, కొన్నిక్షణములలో ఆరిపోవలెను. ఆరకున్న లోపము గలదు. అసలు వెలుగకున్న అంతకంటె చెడ్డది. లోపము కనబడకుండ దీపమునే తీసివేసి యుండవచ్చును.

వరదలో మునిగిన బండ్లను గూర్చియు ఒకమాట. 2015 డిసెంబరులో చెన్నపట్టణము, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినవి. పెద్దకారులో తీగలు, కంప్యూటరుపెట్టెలు నేలకు దగ్గరగ నుండును. నీట నానినవి ఏ దినమున మొరాయించునో చెప్పలేము. సీటుబెల్టును చివరవరకు బయటికి లాగి చూడుడు. లోపలిభాగమున బురదచార కనబడునేమో. సీటుపట్టాల క్రింద వ్రేలు పెట్టి చూడుడు. స్టెప్నీ యుంచు గుంటలోని తివాచీ ఎత్తి వాసన చూడుడు. ముక్కవాసన కనిపెట్టుట మగవారికంటె మనకే బాగుగ తెలియును. అత్తరు చల్లియున్నచో మఱింత అనుమానింపుడు.

ఢిల్లీనుండి వచ్చిన బండ్లు మఱియు చౌక. అచట 2015లో జాతీయ హరిత ట్రైబ్యునలు, 2018లో సుప్రీంకోర్టు పదేండ్లు దాటిన డీసెలుబండ్లు తిరుగరాదని చెప్పుటచే పెక్కింటిని పైరాష్ట్రములవారికి అమ్మివేసిరి. తరువాత ఆ యుత్తర్వులలో మార్పులు వచ్చినను అప్పటి బండ్లు ఇంకను చేతులు మారుచున్నవి. అట్టిదానికి ఢిల్లీవారి నిరభ్యంతరపత్రము లేనిదే ఇక్కడ రిజిస్ట్రేషను మారదు; మన రాష్ట్రపు పన్ను వేఱుగ కట్టవలెను. ఆ పన్ను కలుపుకొని చూచిన చౌకదనములో చాలవరకు కరగిపోవును.

గాజులు కుదువబెట్టబోవు సోదరికి నా యభిప్రాయము స్పష్టముగ చెప్పెదను. బండిధర చెల్లించినపిమ్మట మరమ్మతులకై ప్రత్యేకముగ కొంతసొమ్ము చేతిలో మిగులనప్పుడు, ఆ బండి మీకు చౌకబండి కాదు. గాజులు విడిపించుకొను లోపలనే రెండవ బిల్లు వచ్చును. మీ యింటివారితో వాదింపక, పైని చెప్పిన నంబరును, వర్కుషాపువారి జాబితాను తెప్పింపుమని మాత్రము కోరుడు. ఆ కాగితము చూచి ఆయనయే మనసు మార్చుకొనవచ్చును. అన్నియు సరిగనుండి, మిగులుసొమ్మును ఉన్నచో కొనుటలో తప్పులేదు. బాగుగ చూచుకొనిన పెద్దకారు ఎంతో హాయిగ నడుచును.

కొనినవారు, లేక ఇదివరకే కొనియున్నవారు, రవాణాకార్యాలయములో పేరు మారినంతట పని ముగిసినదనుకొనక, కంపెనీవారికి ఆ 17 అంకెల నంబరును తెలిపి, తమ పేరు, ఇంటిచిరునామా, ఫోను నంబరు వారి పుస్తకములో ఎక్కించుకొనవలెను. ఫోను నంబరు ఇంటిలో ఎవరు తప్పక ఎత్తుదురో వారిది ఇయ్యుడు.