వాడ ముచ్చట్లు – 11: గుర్తుపట్టని చోటు

"దళిత ఉద్యమానికి హనీమూన్ ముచ్చట్లెందుకు చెల్లే?" అని మొన్న ఒక పెద్దన్న అడిగిండు. నా పాత విద్యార్థి ఒకడు వేరే కులం అమ్మాయిని రిజిస్టర్ పెండ్లి చేసుకున్నడు. "మేడం, శని ఆదివారాలు ఇద్దరం ఎక్కడికన్నా పోవాలె, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరేంత దూరం, ఏది బాగుంటది?" అని ఫోన్ చేస్తే గంటసేపు మాట్లాడిన. అది అన్నకు తెలిసింది. ఆయనకు ఈ పోస్టే జవాబు. కొంచెం పొడుగైతది, ఓపిక పట్టండి.

మా నందిపేట్ నుంచి చూస్తే చోట్లకు కొదవ లేదు. ఉమ్మెడ దగ్గర ఎస్సారెస్పీ వెనక నీళ్లు సముద్రం లెక్క కనిపిస్తయి. పోచంపాడ్ కట్ట మీద 42 గేట్లు, వానకాలం నీళ్లు వదిలితే జనం అక్కడే. అలీసాగర్ తోట ఉన్నది, నిజాంసాగర్ ఉన్నది. డిచ్‌పల్లి రామాలయం గోడల మీద శృంగార శిల్పాలున్నయి, ఇందూరు ఖజురహో అని మురిసిపోతరు. రాతి జంటలను చూసి మురిసేటోళ్లే ఊపిరున్న జంట కట్ట మీద కూసుంటే రాళ్లేస్తరు, అది వేరే సంగతి. యూట్యూబ్‌లో "జంటలకు బెస్ట్ ప్లేసులు" అని వీడియోలున్నయి. దారి చెప్తయి, టిఫిన్ ఎక్కడ బాగుంటదో చెప్తయి. అక్కడ మిమ్మల్ని ఎవరు గుర్తుపడతరో మాత్రం చెప్పవు.

మన పిల్లలు చోటు ఎంచుకునేది ఆ ఒక్క ప్రశ్నతోనే. ఉమ్మెడకు పోతే అమ్మాయి మేనమామ చేపల కోసం వస్తడు. పోచంపాడ్‌లో పెద్దనాయన దోస్తు ఉన్నడు. అలీసాగర్‌లో ఎవరో సెల్ఫీ తీసుకుంటుంటే వెనక వీళ్లు పడతరు, సాయంత్రానికి ఆ ఫోటో ఊరి వాట్సప్ గ్రూపులో ఉంటది. అక్కడి నుంచి వీడీసీకి. బయటి జిల్లాల మిత్రుల కోసం చెప్తున్న: వీడీసీ అంటే గ్రామాభివృద్ధి కమిటీ. శిక్షలు వేసే అధికారం దానికి ఏ చట్టమూ ఇయ్యలేదు, అయినా మా దిక్కు చాలా ఊర్లలో పంచాయతీ కన్నా దాని మాటే చెల్లుతది. జరిమానాలు వేస్తది, సాంఘిక బహిష్కరణ చేస్తది. కిరాణం బంద్, కైకిలి బంద్, మాట బంద్. ఏండ్ల తరబడి పేపర్లలో వస్తూనే ఉన్నది.

కారున్నోళ్లకు దూరమంటే పెట్రోలు లెక్క. వీళ్లకు చుట్టరికం లెక్క. అమ్మాయి తరఫోళ్లు బండి మీద ఎంత దూరం రాగలరో అంత. దూరం పోతే బతుకుతమన్న గ్యారంటీ కూడా లేదు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో గర్భవతి అయిన అమృతతో ఆసుపత్రి నుంచి బయటికొస్తున్న ప్రణయ్‌ని నరికిన్రు. 2022 మే 4న సరూర్‌నగర్‌లో నాగరాజును, భార్య ఆశ్రిన్ కండ్ల ముందే, నడిరోడ్డు మీద చంపిన్రు. మహానగరంలో ఎవరు గుర్తుపడతరులే అనుకోవడానికి లేదు.

మా పిల్లగాడు చివరికి ఎక్కడికి పోయిండో తెలుసా? నాందేడ్. జలపాతం కోసం కాదు, కొండ కోసం కాదు. బోధన్ దాటి భాష మారితే చుట్టరికం తెగుతదని. "అక్కడ తెలుగోళ్లు లేరారా?" అంటే "ఉన్నరు మేడం, మా మామలు లేరు" అన్నడు. గురుద్వారాలో లంగర్ తిన్నరట, పక్కన కూసున్నోడు ఏ ఊరని కూడా అడగలేదట. కొత్త జంట రెండు రోజుల ప్రేమయాత్రలో బాగా గుర్తున్నది ఇదా అన్నా! దీన్ని హనీమూన్ ముచ్చట అందామా?

ఇగ గది సంగతి. పెండ్లి కొత్తలో నేనూ నా సహచరుడూ ఒక పట్నంలో లాడ్జికి పోయినం. కౌంటర్‌లో ఉన్నాయన రెండు ఆధార్ కార్డులు పక్కపక్కకు పెట్టి చూసిండు. నేను ఇంటిపేరు మార్చుకోలేదు. "ఇంటిపేర్లు వేరువేరుగున్నయేంది మేడం?" అన్నడు. తర్వాత ఆయన దిక్కు తిరిగి, "మీరు ఎవలు సార్?" మా దిక్కు ఆ ప్రశ్నకు పేరు చెప్తే సరిపోదు, కులం చెప్పాలె. గది ఖాళీ లేదన్నడు. వెనక బోర్డుకు తాళంచెవులు వరుసగా వేలాడుతున్నయి.

చట్టం ఏమంటదంటే, వయసొచ్చిన ఇద్దరు ఒక గదిలో ఉండటం నేరం కాదు. పెండ్లి కాకున్నా సరే. 2019లో మద్రాస్ హైకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. అయినా 2025 జనవరిలో ఓయో కంపెనీ, పెండ్లికాని జంటలకు గది ఇయ్యనవసరం లేదని మీరట్‌తో మొదలుపెట్టింది. పెండ్లికానోళ్లు కదా, మనకేంది అనుకోకండి. కౌంటర్ మీద రుజువు అడిగే హక్కు ఒకసారి ఇస్తే అది సర్టిఫికెట్ దగ్గర ఆగదు, ఇంటిపేరు దాకా పోతది.

ఈ రిజిస్టర్ కొత్తది కాదు. కొలంబియాలో చదివొచ్చి 1917లో బరోడా ఉద్యోగానికి పోయిన అంబేద్కర్‌కు ఊర్లో గది దొరకలేదు. పార్శీ సత్రంలో పార్శీ పేరు రాయించుకుని దిగిండు. పదకొండో రోజు కట్టెలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టిన్రు. 1934లో ఎల్లోరా గుహలు చూద్దామని సహచరులతో టూరు పోతే, దౌలతాబాద్ కోట దగ్గర నీళ్లు ముట్టిన్రని గొడవ చేసిన్రు. అప్పుడది మన నిజాం రాజ్యమే. అమెరికాలో నల్లజాతి వాళ్లకు ఏ ఊర్లో ఏ హోటల్ గది ఇస్తదో చెప్పేందుకు విక్టర్ గ్రీన్ అనే పోస్ట్‌మన్ 1936 నుంచి ఒక పుస్తకమే వేసిండు. టూరు పోవడం చిల్లర విషయమైతే ఆయనకంత కష్టమెందుకు?

తెలుగు సాహిత్యం చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి ఇంకో మాట. నిర్మల్ దాటినంక వచ్చే కుంటాలకు ఆ పేరు శకుంతల వల్ల వచ్చిందని చెప్పుకుంటరు. పినవీరభద్రుడి శృంగార శాకుంతలము నేను క్లాసులో ఎన్నోసార్లు చెప్పిన. వేటకొచ్చిన రాజు అడవిలో గాంధర్వ వివాహం చేసుకున్నడు. నోటీసు లేదు, సాక్షుల్లేరు. క్షత్రియుడికి అది ధర్మమేనని మనుస్మృతి. రాజు చేసుకుంటే కావ్యం, మా వాడ పిల్లగాడు చేసుకుంటే కిడ్నాప్ కేసు. కాళిదాసు శకుంతలకు ఉంగరం పోగానే భర్త పోయిండు. ఇప్పటి ఉంగరం ఆధార్ కార్డు.

అన్నా, వీకెండ్ అనే మాట కూడా ఒకసారి చూడు. మా చిన్నమ్మ బీడీలు చుడతది. వెయ్యి బీడీలకింత అని కూలి, ఆదివారమైనా చుడితేనే పైసలు. చిన్నాయన మస్కట్‌లో ఉంటడు. రెండు మూడేండ్లకు ఒకసారి రెండు నెలల సెలవు. ఆ రెండు నెలలు అప్పుల మిత్తి, చుట్టాల పెండ్లిళ్లు, ఇంటి స్లాబు కింద పోతయి. ఆలుమగలు కలిసి పోయే దూరప్రయాణం ఒక్కటే, శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు. కిరాయి బండిలో ముందు ఆయన, వెనక అత్తామామల నడుమ, పిల్లలను ఒళ్లో పెట్టుకుని ఆమె. రామాయంపేట దాటినంక దాబా దగ్గర చాయ్‌కి ఆపుతరు. "గాడ ఇద్దరం ఒక బెంచీ మీద కూసుంటం బిడ్డా, పది నిమిషాలు" అని చెప్పింది చిన్నమ్మ. ఇరవై ఏండ్ల కాపురంలో ఆమె లెక్కపెట్టుకున్న ఏకాంతం ఆ బెంచీలే. ఇది మన ఎజెండా కాదా? లేబర్ మెంబర్‌గా అంబేద్కర్ ప్రవేశపెట్టిన బిల్లుతోనే 1946లో ఫ్యాక్టరీ పని వారానికి 54 గంటల నుంచి 48కి దిగింది. ఆ మిగిలిన గంటలు మనిషికి ఎందుకనుకున్నడు, మీటింగులకేనా?

మన తమ్ముళ్లతో కూడా పంచాయితీ ఉన్నది. ఇంకో కులం అమ్మాయిని బండి ఎక్కించుకుని పోతే కుల నిర్మూలన అని స్టేటస్ పెడతరు. సొంత చెల్లె ఎవరితోనో అలీసాగర్‌లో కనిపిస్తే చెంప పగలగొడతరు. వీడీసీలో కుర్చీ లేదు గానీ, బుద్ధి అదే.

ఆ పిల్లగానికి గంటసేపు ఏం చెప్పిన్నో అన్నకు తెలియాలె. పెండ్లి సర్టిఫికెట్ కాపీలు ఇద్దరి దగ్గరా ఉంచుకోండి. వకీలు నంబర్ కాగితం మీద రాసుకోండి, ఫోన్ గుంజుకుంటే పనికొస్తది. తిరిగొచ్చేదాకా ఫోటో పెట్టకండి. పంతులమ్మ ప్రేమజంటకు చెప్పాల్సిన మాటలేనా ఇవి? చెప్తుంటే నాకే కడుపు మండింది.

2018 మార్చి 27న శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు, ఇట్లాంటి జంటల కోసం ప్రతి జిల్లాలో ప్రత్యేక సెల్ పెట్టాలని, రక్షణ గృహాల ఏర్పాటు చూడాలని రాష్ట్రాలకు చెప్పింది. మన జిల్లాలో ఆ సెల్ ఏ గదిలో ఉన్నది, ఫోన్ ఎవరెత్తుతరు అని సమాచార హక్కు కింద అడుగుతున్న. మీ మీ జిల్లాల్లో మీరూ అడగండి, పది రూపాయల ఖర్చు. అన్నా, నీ సంఘం ఆఫీసులో పై అంతస్తు గది ఏడాదిలో పదకొండు నెలలు తాళమే కదా. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కుని చెప్పు, శుభ్రం చేయడానికి మేం వస్తం.

వచ్చే ఆదివారం: రిజిస్ట్రార్ ఆఫీసు నోటీసు బోర్డు, 30 రోజుల గడువు.

జై భీమ్.