ముడతలు లేని ముడతల గుల్ల

ఒక పేరును తెనిగించబోయి దాని చరిత్రలో చిక్కుకుపోవడం అనువాదకులకు కొత్త కాదు. ‘పార్వులారుగోగ్లోబిజెరీనా యుగుబీనా’ అటువంటి పేరు. పలకడానికే ఊపిరి చాలని ఈ నామధేయం గల జీవి పరిమాణం మిల్లీమీటరులో పదోవంతుకు అటూ ఇటూ. ఆరు కోట్ల అరవై లక్షల సంవత్సరాల క్రితం రాక్షసబల్లులు అంతరించిన తరువాత, భూగర్భ శాస్త్రపు లెక్కలో వెనువెంటనే, సముద్రజలాలలో తేలుతూ బ్రతికిన ఏకకణ జీవి ఇది. తన చుట్టూ తానే సున్నపు గుల్ల కట్టుకొని, మరణించి అడుగుకు దిగి, బురదతోపాటు రాయి అయింది.

లాటిన్‌లో ‘పార్వులా’ అంటే బుల్లిది, ‘రూగా’ అంటే ముడత, ‘గ్లోబస్’ గోళం, ‘గెరెరె’ మోయడం. ముడతల గోళాలు మోసే బుల్లిది అని తాత్పర్యం. చిత్రమేమిటంటే దీని గోడ నునుపైనది! పూర్వకాలపు ‘రుగోగ్లోబిజెరీనా’ అనే ప్రజాతి పేరుకు ‘బుల్లి’ చేర్చి 1978లో హోఫ్కర్ ఈ ప్రజాతికి నామకరణం చేశాడు. పేరు విన్నవారు దానికి చెల్లెలనుకుంటారు. నేటి వర్గీకరణ మాత్రం దీనిని ఆ మహావినాశనాన్ని తట్టుకొని మిగిలిన ‘గెంబెలిట్రియా’ సంతతిగా లెక్కిస్తుంది. అయినా పేరు మారదు. జంతు నామకరణ నియమావళి ప్రకారం పేరుకు అర్థం అతకకపోవడం దోషం కాదు. నల్లనివాడికి శ్వేతకేతువని పేరు పెట్టుకుంటే కాదనేదెవరు?

ఇక ‘యుగుబీనా’ అంటే ఇటలీలోని గుబ్బియో పట్టణానికి చెందినది. ప్రాచీన అంబ్రియన్ భాషలో చెక్కిన ఏడు కంచు ఫలకాలు దొరికిన ఊరు అది. భాషాభిమానులు ఆ ఊరి పేరు వినే ఉంటారు. 1964లో లూటర్‌బాకర్, ఇసబెల్లా ప్రెమోలి సిల్వా ఈ జాతిని వర్ణించి ‘గ్లోబిజెరీనా’ ప్రజాతిలో చేర్చారు. తరువాత అది ఇల్లు మారింది. అందుకే శాస్త్రగ్రంథాలలో ఈ జాతి పేరు పక్కన వారిద్దరి పేర్లను కుండలీకరణాలలో ముద్రిస్తారు. అక్కడి పొరలలోనే 1980లో అల్వారెజ్ తండ్రీకొడుకుల బృందం ఇరీడియం లోహాన్ని అసాధారణ పరిమాణంలో గుర్తించి, ఉల్కాపాత సిద్ధాంతాన్ని లోకం ముందు ఉంచింది.

గుర్తుపట్టడం ఎలా? రాతిని నానబెట్టి, మెత్తబరచి, సన్నని జల్లెడలో కడుగుతారు. వినాశనానంతరం పుట్టిన తొలి జాతులన్నీ అతి చిన్నవి. 150 మైక్రాన్ల జల్లెడ పట్టినవాడికి యుగుబీనా దాదాపు కనిపించదు, కడుగునీళ్లతో పోతుంది. 63 మైక్రాన్లది, ఒక్కొక్కప్పుడు అంతకంటె సన్ననిది వాడాలి. మిగిలిన గుల్లలను సూక్ష్మదర్శిని కింద పెట్టి, చివరి చుట్టులో గదులు ఎన్ని, గోడలోని రంధ్రాలు ఎంత సన్ననివి, ముఖద్వారం ఎటువంటిది అని పరిశీలిస్తారు. తగవంతా ఆ ద్వారం దగ్గరే. అది పొట్టి కమానులా ఉంటే యుగుబీనా. నిలువు చీలికలా పొడుగ్గా ఉంటే ‘లాంగియపెర్చురా’ అని 1979లో బ్లో వేరుచేశాడు. 1999లో ఓల్సన్ బృందం వెలువరించిన ప్రామాణిక గ్రంథం రెండింటినీ ఒకటిగా కలిపింది. గెర్టా కెల్లర్ వంటివారు వేరుగానే ఉంచారు. కలిపితే ఒక జాతి, విడదీస్తే రెండు. మహావినాశనం తరువాత ప్రాణకోటి ఎంత త్వరగా కోలుకున్నదనే లెక్క దీనిమీద కూడా ఆధారపడుతుంది కనుక ఇది వట్టి పాండిత్య ప్రకర్ష కాదు. నామట్టుకు నాకు కలిపినవారి పక్షమే సబబనిపిస్తుంది. ఒకే మాటకు ఉచ్చారణ భేదాలు ఉన్నంతమాత్రాన నిఘంటువులో రెండు ఆరోపాలు ఇవ్వము కదా.

ఈ ఇటలీ పేరుతో మన గోదావరికీ పని పడింది. పడమటి కనుమల నుంచి సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి వచ్చిందని భావిస్తున్న దక్కను లావా, రాజమహేంద్రవరం పరిసరాల క్వారీలలో నల్లరాయిగా కనిపిస్తుంది. రోడ్లకు కంకర కొట్టేది ఆ రాయినే. కింది లావాకూ పై లావాకూ నడుమ సముద్ర తీరంలో పేరుకొన్న సున్నపు పొరలున్నాయి. 2008లో కెల్లర్ బృందం ఆ పొరలను జల్లెడ పట్టి, యుగుబీనా పేరిట గుర్తించే తొలి కాలఖండపు ప్లవకాలను చూపింది. అంటే కింది లావా, రాక్షసబల్లుల అంతానికి అటూ ఇటూగా చల్లారింది. వినాశనానికి ఉల్కే కారణమా, అగ్నిపర్వతాలా అన్న వాదంలో ఈ తేదీ అగ్నిపర్వతాల పక్షానికి బలమైన సాక్ష్యమయింది.

వాదం అక్కడితో తీరలేదు. 2019లో ‘సైన్స్’ పత్రిక ఒకే సంచికలో రెండు పరిశోధనలను ప్రచురించింది. ఒక బృందం జిర్కాన్ స్ఫటికాలలోని యురేనియం, సీసాలను కొలిచింది. మరొకటి లావారాతిలోని ఆర్గాన్‌ను కొలిచింది. దక్కను లావాలో ఎంత భాగం వినాశనానికి ముందు పొంగింది, ఎంత తరువాత అన్న విషయంలో ఆ రెండింటికీ పొత్తు కుదరలేదు.