రక్తం లెక్క సరే, బాల్యం లెక్క ఎవరు చూస్తారు?

తలసీమియా ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాలి. ఇది ఒక ఏడాదితో తీరేది కాదు. ఎముక మజ్జ మార్పిడి చేయించగలిగిన కొద్దిమందికి తప్ప, మిగతా వారికి బతికినన్నాళ్లూ తప్పదు. ఆస్పత్రికి వెళ్లినప్పుడల్లా హిమోగ్లోబిన్ చూస్తారు. బరువు తూస్తారు. ఒంట్లో పేరుకున్న ఇనుము ఎంతో అప్పుడప్పుడు పరీక్షిస్తారు. ఇవన్నీ చీటీకెక్కుతాయి. ఆ బిడ్డ బతుకు ఎలా సాగుతున్నదో మాత్రం ఏ చీటీలోనూ ఉండదు.

మూడు వారాలకు ఒకసారి రక్తం అనుకుంటే ఏడాదికి 17 సార్లు. రక్తం సరిపోతుందో లేదో చూడడానికి ఒక రోజు, ఎక్కించడానికి మరో రోజు పోతే 34 రోజులు. తొలి బస్సుకు బయలుదేరిన తల్లీ బిడ్డా చీకటి పడ్డాక గాని ఇల్లు చేరరు. తల్లికి ఆ రోజు కూలి పోయినట్లే. రక్తం తగ్గిన రోజుల్లో బడికి వెళ్లినా పాఠం తలకెక్కదు, ఆటకు ఒళ్లు సహకరించదు. హాజరు పట్టీలో ఒక గైర్హాజరు గుర్తు పడుతుంది, అంతే.

ఇది కొలవరాని విషయమేమీ కాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ వార్నీ బృందం 1999లో 'పెడ్స్‌క్యూఎల్' అనే ప్రశ్నావళిని ప్రకటించింది. తర్వాత సవరించి, ఇప్పుడు వాడుతున్న దానిలో 23 ప్రశ్నలున్నాయి. ఒంటి ఓపికపై 8, మనసుపై 5, తోటివారితో మెలగడంపై 5, చదువుపై 5. పరుగెత్తగలుగుతున్నావా, భయం వేస్తున్నదా, నిద్ర పడుతున్నదా, తోటి పిల్లలు ఎగతాళి చేస్తున్నారా, బడి ఎన్నిసార్లు పోతున్నది అన్న ధోరణిలో అవి సాగుతాయి. జవాబులను బట్టి 0 నుంచి 100 వరకు మార్కులు వేస్తారు. ఎన్ని ఎక్కువ వస్తే బతుకు అంత మెరుగు. చిన్న పిల్లలకు ప్రశ్న చదివి వినిపించి, నవ్వు ముఖం, ఏడుపు ముఖం బొమ్మలు చూపి జవాబు రాబడతారు. అయిదేళ్ల బిడ్డ కూడా తన సంగతి తాను చెప్పుకోగలదు.

ఇక్కడే అసలు కీలకం ఉంది. కన్నవారిని అడిగితే ఒక జవాబు, బిడ్డను అడిగితే మరో జవాబు రావడం పలు పరిశోధనల్లో తేలింది. నడక, నీరసం కంటికి కనిపిస్తాయి కనుక అమ్మానాన్నలు చెప్పగలరు. లోపలి దిగులు, ఆటలో కలుపుకోలేదన్న బాధ బిడ్డకే తెలుసు. అందుకే ఇద్దరినీ అడగాలి.

ఓపీ వద్ద బారులు తీరిన జనాన్ని చూసే డాక్టరుకు ఇంత తీరిక ఎక్కడిదని అడగవచ్చు. రక్తం ఎక్కడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ సమయంలో నర్సు గాని, కౌన్సెలరు గాని ఒక్క పది నిమిషాలు కేటాయిస్తే చాలు. ఏడాదికి రెండుసార్లు అడిగి ఫైలులో చేర్చినా ఏ బిడ్డ కుంగిపోతున్నదో ముందే తెలుస్తుంది.

అయితే మార్కులు రాసి బీరువాలో పెడితే ఒరిగేది లేదు. చదువు మార్కు పడిపోతే ఆదివారం రక్తం ఎక్కించే ఏర్పాటు చేయాలి. బడిలో పోయిన పాఠాలు మళ్లీ చెప్పించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం తలసీమియాను, హీమోఫీలియాను, సికిల్ సెల్ వ్యాధిని వైకల్యాల జాబితాలో చేర్చింది. ఈ సంగతి ప్రతి ప్రధానోపాధ్యాయునికీ తెలియాలి.

ఊరి బాధ్యతా ఉంది. తలసీమియా అంటువ్యాధి కాదు. ఆ బిడ్డను ఆటకు పిలవడానికి జంకనక్కర్లేదు. బిడ్డ ఎదుటే 'పాపం, ఎన్నాళ్లో' అనే మాటలు మానాలి. కాలేజీలకు సెలవులిచ్చే వేసవిలో రక్తానికి కటకట ఏర్పడుతుంది. ఊరి యువకులు ఆ నెలల్లో ముందుకు రావాలి.

బిడ్డను బతికించడం వైద్యంలో సగం పని. ఆ బతుకు బాగుందా అని బిడ్డనే అడగడం మిగతా సగం. జిల్లా వైద్య, విద్యాశాఖల అధికారులు కలిసి కూర్చుని ఈ పని వెంటనే మొదలుపెట్టాలి.