పిలుపు లేని పండుగ

పండుగలలో పలికే మాటను అలంకారంగా మాత్రమే చూసే అలవాటు మన సాంస్కృతిక వ్యవహారాలలో బలంగా పాతుకొనిపోయింది. వేషం, వాద్యం, నృత్యం ప్రధానమట. మాట వాటి వెంట వచ్చే సందడియట. ఈ అభిప్రాయం ఎంత పొరపాటో తెలుసుకోవడానికి భిలాయి ఉక్కునగరంలోని మరోదా వంటి చోటు చాలును.

1955 నాటి భారత–సోవియట్ ఒప్పందంతో రూపొందిన ఉక్కు కర్మాగారానికి ఆంధ్ర తీర జిల్లాల నుండి అనేక కుటుంబాలు తరలివచ్చాయి. వారి సంక్రాంతి, ఛత్తీస్‌గఢ్ రైతుల ఛేర్‌ఛేరా ఒకే పంటకాలపు పండుగలు. పుష్య పూర్ణిమనాడు వచ్చే ఛేర్‌ఛేరాలో పిల్లలు, పెద్దలు జట్లు కట్టి ఇంటింటికీ వెళ్లి, గాదెలోని ధాన్యం తీసి పెట్టమని ఇల్లాలిని కేకవేస్తారు. పెట్టేదాకా కదలబోమని కూడా అంటారు. పండుగ పేరు ఆ కేకలోనిదే. కేక లేకుండా సంచి చాచితే అది యాచన. కేకవేసి చాచితే హక్కు. ఆనాడు కలిగినవారు, లేనివారు ఒకే రీతిగా అడగగలగడానికి కారణం ఆ మాటయే.

ఇది తెలుగువారికి కొత్త కాదు. నాగుల చవితినాడు పుట్టలో పాలు పోసి ఊరుకోరు. తెలియక తొక్కితే మన్నించమని నాగేంద్రునితో చెప్పుకొంటారు. నోము పట్టిన ఇల్లాలు అక్షింతలు చేతబట్టి కథ చెప్పుకొని, పిమ్మటనే వాటిని తలపై వేసుకొంటుంది. వినేవారు లేకున్నా కథ చెప్పవలసినదే. ఇక హరిదాసు తలపై అక్షయపాత్రతో వాకిట నిలిచి హరినామం తప్ప వేరు మాట ఆడడు. మాటకు విలువ ఉన్నచోటనే అటువంటి నియమం పుడుతుంది.

చెక్ దేశపు ఆగ్నేయ ప్రాంతంలో జరిగే ‘రాజుల సవారీ’ని యునెస్కో 2011లో తన జాబితాలో చేర్చింది. స్త్రీ వేషంలో గుర్రమెక్కిన బాలరాజు నోట గులాబీ కరచుకొని మౌనంగా ఉంటాడు. వెంట ఉన్న యువకులు ఆయా ఇళ్లవారికి తగిన చమత్కారాలు కేకవేసి కానుక అడుగుతారు. ఫొటోలలో మనకు కనబడేవి రంగు రిబ్బన్లే.

యునెస్కో 2003 ఒడంబడికను భారతదేశం 2005లో ఆమోదించింది. అందులో మౌఖిక సంప్రదాయాలకు స్థానం ఉన్నది, సంతోషమే. అయితే భాషను వారసత్వానికి ‘వాహకం’ అన్నారు. చిక్కంతా ఈ పదంలోనే ఉన్నది. బండి మారినా సరుకు చెడదనే ధీమా దీనివల్ల కలుగుతుంది. అందుచేతనే వేదికపై హరిదాసు వేషం కట్టిన బాలుడు పెదవులు కదుపుతుంటే లౌడ్‌స్పీకరు పాడుతుంది, ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. గుప్పెడు బియ్యం పోయవలసినవారు మాత్రం ఎవరూ లేరు.

ప్రవాసంలో హిందీ చదివే పిల్లలకు తెలుగు మాటలు ఎక్కడినుండి వస్తాయని కొందరి ఆక్షేపణ. భాష మారడం అసలు ప్రమాదం కాదు. మరోదాలో ఒక తెలుగు పిల్లవాడు పొరుగు వాకిట నిలబడి ఛత్తీస్‌గఢీలో ఛేర్‌ఛేరా కేక వేస్తే పండుగ జరిగినట్లే. వేదికమీది తెలుగు హరిదాసు విషయంలో ఆ మాట అనలేము. మొదటివాడు ఎవరినో పిలిచాడు.

కావున నిధులిచ్చే శాఖలు వేషధారణకు బహుమతులు తగ్గించి, ఎవరు, ఎవరితో, ఏ వాకిట, ఏ మాట అన్నారో వ్రాయించాలి. మాట తప్పితే ఏమవుతుందని వారు నమ్ముతారో అదికూడా అడగాలి. రాయపూర్ కార్యాలయాల నుండి మరోదాకు గంట ప్రయాణమే.