ఫోన్లో చెరిపితే పెట్టెలోనూ మాయం!

అమ్మమ్మ ఫోను నిండిపోయింది. కొత్త ఫొటో తీద్దామంటే చోటు లేదని మొరాయిస్తోంది. సెలవులకొచ్చిన మనవడు ఫోను అందుకున్నాడు. గుడ్ మార్నింగ్ పూలబొమ్మలు, పండగ శుభాకాంక్షలు, వాటి మధ్య మూడేళ్ల కుటుంబం ఫొటోలు. ‘అన్నీ మావయ్య పెట్టిన పెట్టెలోకి వెళ్లిపోయాయి కదమ్మమ్మా, ఇక్కడెందుకు దండగ?’ అంటూ అన్నీ ఎంచుకుని ఒక్కసారే డిలీట్ కొట్టాడు. ఫొటోలు పెట్టెలోకి వెళ్లిన మాట నిజమే. కానీ వాడు కొట్టిన డిలీట్ కూడా కాసేపట్లో అదే దారిన పెట్టెలోకి వెళ్లింది. రాత్రికి చూస్తే ఇక్కడా లేవు, అక్కడా లేవు!

ఇంట్లో నాస్ పెట్టుకుని, దానికి సింక్ సాఫ్ట్‌వేర్ తగిలించిన ఎవరింట్లోనైనా జరగగల కథ ఇది. నాస్ అంటే నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజ్... ఒకటో రెండో హార్డ్‌డిస్కులతో, రౌటర్ పక్కన కూర్చునే చిన్న పెట్టె. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోస్ అపరిమిత ఉచిత నిల్వను ఆపేసి, కొత్త ఫొటోలన్నిటినీ 15 జీబీ లెక్కలో కలిపేసింది. అప్పట్నుంచీ ‘నెలనెలా అద్దె కట్టడమా, సొంత కొట్టు కట్టుకోవడమా’ అన్న ఆలోచన చాలామందికి వచ్చిందే. నాస్ ఆ సొంత కొట్టన్నమాట.

కొట్టు ఉంటే చాలదు, సరుకు దానంతటదే అందులోకి చేరాలి. ఆ పని చేసేదే సింక్ సాఫ్ట్‌వేర్ (వంటింట్లో గిన్నెలు తోమే సింక్‌తో దీనికి చుట్టరికం లేదు). ఇలాంటివాటిలో బాగా పేరున్నది సింక్‌థింగ్. యాకబ్ బోర్గ్ అనే స్వీడన్ ప్రోగ్రామర్ 2013లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. మధ్యలో ఏ కంపెనీ సర్వర్లోనూ మన ఫైళ్లు దాచదు, ఒక పరికరం నుంచి ఇంకోదానికి నేరుగా పంపుతుంది.

నాస్‌లో ఎక్కించడం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. చాలా పెట్టెల్లో ప్యాకేజీగానో, డాకర్ ద్వారానో దొరుకుతుంది. ఆ తర్వాత కంప్యూటర్ బ్రౌజర్లో నాస్ చిరునామా, దాని పక్కన 8384 అనే పోర్టు నంబరు కొడితే సెట్టింగుల పేజీ తెరుచుకుంటుంది. అక్కడ చేయాల్సిన మొదటి పని పాస్‌వర్డ్ పెట్టడం. లేదంటే ఇంటి వైఫై వాడే ఎవరైనా ఆ పేజీలోకి వచ్చేయొచ్చు. ఆఫీసు నుంచి కూడా చూసుకోవచ్చు కదా అని రౌటర్లో పోర్టు తెరిచి నాస్‌ను ఇంటర్నెట్‌కి వదిలేయడం మాత్రం వద్దేవద్దు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ సరిగ్గా అలా బయటికి కనిపిస్తున్న క్యూనాప్ పెట్టెల్నే పట్టుకుని, ఫైళ్లకు తాళాలేసి బిట్‌కాయిన్లు అడిగింది. సింక్‌థింగ్‌కి అసలా అవసరమే లేదు. పరికరాలు బయట ఉన్నా ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. నేరుగా దారి దొరక్కపోతే రిలే సర్వర్ మీదుగా, దానికి అర్థంకాని రహస్య భాషలో మాట్లాడుకుంటాయి.

ప్రతి పరికరానికీ 56 అక్షరాల ఐడీ ఉంటుంది. భయపడక్కర్లేదు, క్యూఆర్ కోడ్ కూడా ఇస్తుంది. ఫోన్లో నాస్‌నీ, నాస్‌లో ఫోన్‌నీ చేర్చాలి. రెండువైపులా ఒప్పుకుంటేనే సంబంధం కుదురుతుంది! ఆండ్రాయిడ్ వాళ్లకో మాట: సింక్‌థింగ్ అసలు ఆండ్రాయిడ్ యాప్‌ని దాని నిర్వాహకులు 2024 డిసెంబరులో ఆపేశారు. దాన్నుంచి పుట్టిన సింక్‌థింగ్ ఫోర్క్ ఉంది. ఏది ఎక్కించుకున్నా ఫోన్ బ్యాటరీ సెట్టింగుల్లో దానికి మినహాయింపు ఇవ్వాలి. లేకపోతే బ్యాటరీ పొదుపు పేరుతో ఫోనే దాన్ని నిద్రపుచ్చేస్తుంది. ‘వారం నుంచి ఫొటోలు రావడం లేదేంటి’ అనే ఫిర్యాదుకి చాలాసార్లు కారణం ఇదే.

ఇక అసలు మెలిక. సింక్ అంటే అద్దం లాంటిది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, తప్పుకుంటే కనిపించదు. ఫోల్డర్‌కి ముఖ్యంగా వాడే సెట్టింగులు ఇవి: పంపడం మాత్రమే, అందుకోవడం మాత్రమే, రెండూ. ‘నాస్‌లో అందుకోవడం మాత్రమే అని పెట్టాం కదా, ఇంక ఏం పోదు’ అని చాలామంది ధీమా. తప్పు! అందుకునేవాటిలో ఫొటోలే కాదు, ‘ఈ ఫొటో చెరిపేశాం’ అన్న కబురూ ఉంటుంది. దాన్నీ నాస్ బుద్ధిగా పాటిస్తుంది.

అమ్మమ్మ ఫొటోల్ని కాపాడగలిగే సెట్టింగు వేరే ఉంది. నాస్‌లో ఆ ఫోల్డర్ సెట్టింగుల్లోకి వెళితే ఫైల్ వెర్షనింగ్ కనిపిస్తుంది. మామూలుగా ఇది ఆపేసి ఉంటుంది. అందులో ట్రాష్ క్యాన్ ఎంచుకుంటే, అవతల చెరిపిన ఫైల్ ఇక్కడ చెరిగిపోకుండా, అదే ఫోల్డర్లో దాగి ఉండే ఎస్‌టీవెర్షన్స్ అనే అరలోకి వెళుతుంది. ఎన్ని రోజులు ఉంచాలో మనమే చెప్పొచ్చు. సున్నా అని పెడితే ఎప్పటికీ ఉంచుతుంది, డిస్కు నిండితే అది మన తలనొప్పి. ఇంటి లెక్కల్లాంటి తరచూ మారే ఫైళ్లకైతే స్టాగర్డ్ మేలు. పాతబడేకొద్దీ రోజుకొకటి, వారానికొకటి చొప్పున పాత ప్రతులు మిగులుస్తుంది.

మరి ఫోను ఖాళీ చేయడమెలా? నాస్‌లోనే సింక్‌తో సంబంధంలేని ఇంకో ఫోల్డర్ పెట్టి, పాత ఫొటోల్ని ముందు అందులోకి కాపీ చేయాలి. కాపీలు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకుని, అప్పుడు ఫోన్లో చెరపాలి. మనవడు ఎగ్గొట్టిన మెట్టు ఇదే.

రెండు డిస్కులున్న నాస్ కొన్నాం, ఇంకేం ఢోకా లేదనుకునేవాళ్లూ ఉన్నారు. ఒక డిస్కు పాడైతే రెండోది ఆదుకునే మాట నిజమే. డిలీట్ మాత్రం రెండింట్లోనూ ఒకేసారి జరుగుతుంది. పిడుగు పడితే పెట్టె మొత్తం పోతుంది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క అందుకే: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి ఇంటి బయట. ఆ బయట ప్రతికి ఓ పోర్టబుల్ హార్డ్‌డిస్కు చాలు. పండక్కి ఊరెళ్లేటప్పుడు పట్టుకెళ్లి అక్కయ్య వాళ్లింటి బీరువాలో ఉంచి, కిందటిసారి ఇచ్చినదాన్ని తెచ్చుకుంటే సరి.

అన్నీ అమర్చాక ఓ చిన్న పరీక్ష. పోయినా బాధలేని గుడ్ మార్నింగ్ బొమ్మ ఒకటి ఫోన్లో చెరపండి. నాస్ ఫోల్డర్లోంచి అది పోయేదాకా ఆగి, ఎస్‌టీవెర్షన్స్‌లో వెతకండి. కనిపిస్తే బయటికి తీసి తెరిచి చూడండి. అక్కడ లేకపోతే వెర్షనింగ్ ఇంకా ఆన్ కానట్టే. అప్పటిదాకా అమ్మమ్మ ఫోను ఎవరి చేతికీ ఇవ్వకండి.